పెద్ద చేపలు పెంచాలనుకుంటున్నారా? ముందు స్కేలు తీయండి



పరీక్షలు అయ్యాక పిల్లలు అడిగే కానుకల్లో అక్వేరియం ఒకటి. ఈ మధ్య చాలామంది పిల్లలకు గప్పీలు, మోలీలు లాంటి చిన్న చేపలు ఆనడం లేదు. "పెద్దవి కావాలి, మనల్ని గుర్తుపట్టేవి కావాలి" అంటున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఆస్కర్ లాంటి పెద్ద చేప రోజూ మేత వేసే మనిషిని గుర్తుపడుతుంది, గదిలోకి రాగానే అద్దం దగ్గరికి వస్తుంది. ఫోన్ పక్కన పెట్టి అరగంట సేపు ఒక ప్రాణిని గమనించడం పిల్లలకు మంచిదే.

అయితే పెద్ద చేపల విషయంలో చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటే. మనం దుకాణంలో కనిపించిన సైజును చూసి కొంటాం. అక్కడ ఉన్నది పిల్ల చేప. ఇంటికి వచ్చాక మనం పెంచాల్సింది పెద్ద చేపను. ట్యాంక్ ఎంత ఉండాలి, తోడుగా ఏవి ఉండాలి, ఎన్నేళ్లు చూసుకోవాలి అన్నవన్నీ ఆ పెద్ద చేపను బట్టే తేలతాయి. అందుకే దుకాణానికి వెళ్లేముందు మీ పిల్లల స్కూల్ బ్యాగ్‌లోని 30 సెంటీమీటర్ల స్కేలు బయటికి తీయమంటున్నాం.

మార్కెట్లో చూసిన చేపే, అక్వేరియంలో వేరే పేరుతో

అక్వేరియం దుకాణాల్లో "షార్క్" అని ఒక చేప అమ్ముతారు. వెండి రంగు, నల్లని చారలు, వేలెడు పొడవు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ఇది సముద్రపు షార్క్ కాదు. ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నదికి చెందిన పంగాసియస్. మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో తిండి కోసం టన్నుల కొద్దీ పెంచేదీ ఇదే. చేపల మార్కెట్లో చాలామంది దీన్ని "ఫంగస్ చేప" అంటారు. నదిలో ఇది మీటరు పొడవు దాటి పెరగగలదు, అంటే మూడు స్కేళ్లకు పైనే. పైగా గుంపుగా ఈదే చేప, బెదురు ఎక్కువ. చిన్న ట్యాంక్‌లో భయపడి అద్దానికి మూతి కొట్టుకుంటుంది.

రెండోది "రెడ్ బెల్లీ పిరానా" అని అమ్మే ఎర్ర పొట్ట చేప. చాలాసార్లు అది పిరానా కాదు, పాకు. అసలు పిరానా పళ్లు కత్తుల్లా మొనదేలి ఉంటాయి. పాకు పళ్లు మన దవడ పళ్లలా వెడల్పుగా ఉంటాయి, కాయలు, గింజలు కొరకడానికి పనికొస్తాయి. ఈ పాకునే మన మార్కెట్లో "రూప్‌చంద్" పేరుతో కిలోల లెక్కన అమ్ముతారు. మీరు రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు వెళ్లేవారైతే ఈసారి పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. పంగాసియస్, రూప్‌చంద్ చూపించి, "దుకాణంలో నువ్వు అడిగిన చేప పెద్దయితే ఇదిగో ఇంత" అని చెప్పండి. ఆ తర్వాత ఇంకేమీ వివరించనక్కర్లేదు.

"ట్యాంక్ చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉండిపోతుంది" అని కొందరు ధైర్యం చెబుతారు. అది నిజం కాదు. ఇరుకులో, మురికి నీళ్లలో చేప ఎదుగుదల దెబ్బతింటుంది, వెన్ను వంకర పోవచ్చు, ఆయుష్షు తగ్గుతుంది. దాన్ని చేప సర్దుకుపోవడం అనుకోకూడదు. అది జబ్బు.

స్కేలు లెక్క

ముందు ఆ చేప పూర్తిగా ఎదిగితే ఎంతవుతుందో తెలుసుకోండి. ఇంట్లో పెంచే పెద్ద చేపలకు ఒక మోటు లెక్క ఉంది. ట్యాంక్ పొడవు చేప పూర్తి పొడవుకు కనీసం నాలుగింతలు ఉండాలి. వెడల్పు, అంటే ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా, కనీసం ఒకటిన్నర ఇంతలు ఉండాలి. అప్పుడే చేప హాయిగా వెనక్కి తిరగగలదు.

సాధారణంగా దొరికే చేపల పూర్తి పొడవు ఇలా ఉంటుంది:

- ఏంజెల్ ఫిష్, సిల్వర్ డాలర్: సుమారు 15 సెం.మీ. (సగం స్కేలు)
- సెవెరమ్, బ్లడ్ ప్యారట్: సుమారు 20 సెం.మీ.
- గోల్డ్ ఫిష్: 20 సెం.మీ. దాకా. గాజు గిన్నెలో పెట్టే చేప కాదని దీన్ని బట్టే తెలుస్తుంది
- ఆస్కర్, ఫ్లవర్‌హార్న్: సుమారు 30 సెం.మీ. (ఒక స్కేలు)
- మామూలు సకర్ ఫిష్: 40 సెం.మీ. పైనే
- సిల్వర్ అరోవానా: 90 సెం.మీ. దాకా (మూడు స్కేళ్లు)
- రెడ్‌టెయిల్ క్యాట్ ఫిష్, పంగాసియస్: మీటరు దాటగలవు

లెక్క వేయడం మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. ఆస్కర్‌కు కనీసం 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు కావాలి. అది ఇంట్లో సాధ్యమే. పంగాసియస్‌కు నాలుగు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు కావాలి. అంటే హాల్లో ఒక కారు పెట్టినట్టే. ఈ ఒక్క లెక్కతో జాబితాలోని చివరి రెండు వరుసలు కొట్టివేయవచ్చు.

ఏది దేనితో కలిసి బతుకుతుంది?

సైజు తేలాక తోడు చేపల సంగతి. నోరు, నీరు, నైజం అనే మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు.

నోరు: నోట్లో పట్టే చేపను పెద్ద చేప మింగేస్తుంది. ఇందులో కోపం, పగ ఏమీ లేవు, అది దాని తిండి. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను సంగతి పెద్దలందరికీ తెలిసిందే. చెరువులో కప్పల్ని, చిన్న చేపల్ని వేటాడి బతుకుతుంది. ఆస్కర్ కూడా అంతే. నియాన్ టెట్రాలు, గప్పీలు దాని పక్కన వేస్తే ఆ రాత్రికే లెక్క తగ్గుతుంది. తోడు చేప ఒడ్డూ పొడుగూ పెద్ద చేప నోటికి పట్టనంత ఉండాలి.

నీరు: అన్ని మంచినీటి చేపలకూ ఒకే నీరు సరిపడదు. ఆస్కర్, సెవెరమ్, సిల్వర్ డాలర్ దక్షిణ అమెరికా నదుల చేపలు. ఇవి మెత్తని, వెచ్చని నీటికి అలవాటుపడ్డవి. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్ చేపలకు కఠిన జలం కావాలి. గోల్డ్ ఫిష్‌కు చల్లని నీరు ఇష్టం. ఈ మూడు గుంపుల్ని ఒకే ట్యాంక్‌లో కలపకండి.

నైజం: ఫ్లవర్‌హార్న్ మనుషులు సంకరం చేసి పుట్టించిన చేప. ట్యాంక్ మొత్తం తనదే అనుకుంటుంది. దాన్ని ఒంటరిగా ఉంచడమే మంచిది. సిల్వర్ డాలర్లు దీనికి వ్యతిరేకం. ఒక్కటే ఉంటే బెదిరిపోతాయి, కనీసం ఐదారు ఉండాలి. సెవెరమ్‌లు, బ్లడ్ ప్యారట్‌లు సాధారణంగా సర్దుకుపోతాయి. కానీ ఏ సిక్లిడ్ చేపలైనా జంట కట్టి గుడ్లు పెట్టినప్పుడు దగ్గరికి వచ్చినవాటిని తరుముతాయి.

మూడు సైజులు, మూడు జట్లు

మొదటిసారి పెంచేవారికి పనికొచ్చే జట్లు ఇవి. కొలతలు పొడవు, వెడల్పు, ఎత్తు వరుసలో ఉన్నాయి.

120 × 45 × 45 సెం.మీ. (సుమారు 240 లీటర్లు): ఐదు ఏంజెల్ ఫిష్, నాలుగు పెర్ల్ గౌరామీలు, ఒక బ్రిసిల్‌నోస్ సకర్. బ్రిసిల్‌నోస్ 12 సెం.మీ. దాటడం అరుదు. మామూలు సకర్ బదులు దీన్నే అడిగి తీసుకోండి. రెండూ చిన్నప్పుడు ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి పేరు స్పష్టంగా చెప్పండి.

120 × 60 × 60 సెం.మీ. (సుమారు 430 లీటర్లు): రెండు సెవెరమ్‌లు, ఐదు సిల్వర్ డాలర్లు. లేదా నాలుగు బ్లడ్ ప్యారట్‌లు, ఐదు సిల్వర్ డాలర్లు. ఆస్కర్లే కావాలంటే ఇందులో రెండు మాత్రమే, వేరే తోడు వద్దు.

180 × 60 × 60 సెం.మీ. (సుమారు 650 లీటర్లు): రెండు ఆస్కర్లు, ఆరు సిల్వర్ డాలర్లు. ఆస్కర్ మాంసాహారి, సిల్వర్ డాలర్ ఆకులు తినేది. ఒకటి నింపాదిగా ఉంటుంది, ఇంకొకటి చురుగ్గా గుంపుగా తిరుగుతుంది. తిండికీ చోటుకీ పెద్దగా పోటీ ఉండదు. పైగా సిల్వర్ డాలర్ ఒళ్లు పళ్లెంలా వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఎదిగాక ఆస్కర్ నోటికి పట్టదు. అయితే రెండిటినీ దాదాపు ఒకే సైజులో ఉన్నప్పుడు కొనాలి. ఈ ట్యాంక్‌లో మొక్కలు పెట్టాలని మాత్రం ఆశపడకండి. సిల్వర్ డాలర్లు తినేస్తాయి, మిగిలినవాటిని ఆస్కర్ పీకేస్తుంది. నున్నని రాళ్లు, ఒక మొద్దు చాలు.

అరోవానా గురించి ఒక మాట. వాస్తు కోసం దీన్నీ, ఫ్లవర్‌హార్న్‌నీ అడిగేవారు మన దగ్గర ఎక్కువ. నమ్మకం ఎవరిది వారిది. కానీ మూడు స్కేళ్ల చేపను మూడు అడుగుల తొట్టిలో ఉంచితే అది తిరగలేక బాధపడుతుంది. అరోవానా బాగా ఎగురుతుంది కూడా, బరువైన మూత లేకపోతే తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. ఆసియా అరోవానా అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కింద కఠిన రక్షణ ఉన్న జాతి. సరైన పత్రాలు లేకుండా కొనకూడదు.

మన ఇళ్లలో చూసుకోవాల్సినవి

బరువు: లీటరు నీళ్లు కిలో బరువు. 430 లీటర్ల ట్యాంక్‌లో నీళ్లే 430 కిలోలు. అద్దం, స్టాండ్, రాళ్లు కలిపితే అర టన్ను దాటుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే గోడ వారగా, కింద బీమ్ ఉన్న చోట పెట్టండి. బాల్కనీలో వద్దు. 650 లీటర్ల ట్యాంక్ పెట్టేముందు ఇంజనీరును అడగండి.

నీళ్లు: సాతంరాయి, శంషాబాద్ వైపు కాలనీల్లో చాలా ఇళ్లకు నల్లా నీళ్లు కొంత, బోరు నీళ్లు కొంత. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేపల మొప్పల్ని కాలుస్తుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా మూత లేని డ్రమ్ములో ఒక రోజు ఉంచండి. దక్కన్ రాతినేల బోరు నీళ్లు సాధారణంగా కఠినంగా ఉంటాయి. పరీక్షించి చూడండి. ఫారాల్లో పుట్టి పెరిగిన ఆస్కర్, సెవెరమ్ కొంత కాఠిన్యాన్ని తట్టుకుంటాయి. మీ నీళ్లు మరీ కఠినమైతే ఆఫ్రికా సిక్లిడ్లను ఎంచుకోవడం తెలివైన పని. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే నింపడం మంచిది కాదు, చేపకు కావలసిన లవణాలు అందులో ఉండవు.

ఇంకో లెక్క కూడా ముందే వేసుకోండి. పెద్ద చేపలున్న ట్యాంక్‌లో వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చాలి. 430 లీటర్లకు అది సుమారు 108 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఐదారు. ఏప్రిల్, మే నెలల్లో మీ కాలనీకి ట్యాంకర్ వస్తుంటే ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో ఇప్పుడే ఆలోచించండి. తీసేసిన నీళ్లు వృథా కావు, పూలకుండీలకు చాలా మంచి ఎరువు.

ఫిల్టర్: గంటకు ట్యాంక్ నీటిని కనీసం నాలుగైదు సార్లు తిప్పేది తీసుకోండి. 430 లీటర్లకు గంటకు 2,000 లీటర్లు తిప్పే ఫిల్టర్ అన్నమాట. ట్యాంక్ పెట్టిన రోజే చేపలు వేయకండి. చేపల మలం, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే మేలు చేసే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపు చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలు. బయాలజీ పాఠంలోని నత్రజని వలయం మీ హాల్లోనే కనిపిస్తుంది. పిల్లలతో గ్రాఫ్ గీయించండి.

ఎండ, చలి, కరెంటు: ఈ చేపలకు 24 నుంచి 28 డిగ్రీలు సరిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో శివారు ప్రాంతాల్లో చలి ఎక్కువ, కాబట్టి హీటర్ అవసరం. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు మూత కొంచెం తెరిచి పైన జాలీ పెట్టి, ఫ్యాన్ తిప్పండి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. నీళ్లలో చేయి పెట్టేముందు హీటర్, పంపు స్విచ్చులు ఆపాలని, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని పిల్లలకు గట్టిగా చెప్పండి. స్విచ్ ఆపడం పెద్దల చేతనే జరగాలి.

ఇంటర్‌లో చేరాక చేపను ఎవరు చూస్తారు?

ఆస్కర్ బాగా చూసుకుంటే పది పన్నెండేళ్లు బతుకుతుంది. మీ బిడ్డ ఐదో తరగతిలో తెచ్చుకున్న చేప ఇంటర్ పూర్తయి, డిగ్రీలో చేరేనాటికి కూడా ఉండవచ్చు. మధ్యలో హాస్టల్ రావచ్చు, మీకు బదిలీ రావచ్చు, ఇల్లు మారవచ్చు. అప్పుడు శనివారం నీళ్లు మార్చేది అమ్మో నాన్నో తాతయ్యో. అందుకే పిల్లలకు మాట ఇచ్చేముందు ఇంట్లో పెద్దలు ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. "పదేళ్లు మేం చూడగలం" అనిపిస్తే ఆస్కర్ తెచ్చుకోండి. అనిపించకపోతే గప్పీల దగ్గర ఆగడం చిన్నతనమేమీ కాదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన పక్కనే ఉంది. సాతంరాయికి కొద్ది కిలోమీటర్ల దూరంలో హిమాయత్ సాగర్. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి, తాగునీటికి కట్టిన రెండు జలాశయాల్లో ఇదొకటి. ఈసా నది మీద 1927లో పూర్తయింది. ట్యాంక్ చాలనంతగా పెరిగిన చేపను చంపలేక, ఉంచలేక "పాపం, స్వేచ్ఛగా బతుకుతుంది" అని చెరువులో వదిలేవారు ఉన్నారు. మనసు మంచిదే, ఫలితం మంచిది కాదు.

అద్దాలకు పట్టిన పాచి తింటుందని కొనే సకర్ ఫిష్ ఉదాహరణ చూడండి. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప ఇప్పుడు మన చెరువుల్లో, నదుల్లో ఉంది. జాలర్లు దీన్ని "దెయ్యం చేప" అంటారు. ఒంటి మీది గట్టి పలకలు, ముళ్లు వలల్ని చింపేస్తాయి. తినడానికి ఎవరూ కొనరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లోని డీఎన్‌ఏను పరీక్షించి, తూర్పు కనుమల ప్రాంతంలో చూసిన జలవనరుల్లో దాదాపు 60 శాతంలో ఈ చేప జాడ ఉందని 2024లో వెల్లడించారు. అలంకారం కోసం, పాచి తినడం కోసం తెచ్చిన చేపే ఇలా వ్యాపించింది. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే ఆ నీరు మూసీలోకి, మూసీ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణలోకి వెళుతుంది. ఒక ఇంటి తొట్టిలోని చేపకు దారి అంత దూరం తెరిచి ఉంది.

కాబట్టి కొనేముందే దుకాణదారుణ్ని అడగండి: "పెద్దయ్యాక మేం ఉంచుకోలేకపోతే మీరు తిరిగి తీసుకుంటారా?" తీసుకుంటానన్న చోటే కొనండి. లేదా పెద్ద ట్యాంక్ ఉన్న మరో ఇంటికి ఇవ్వండి. చెరువులో, కాలువలో, గుడి కోనేరులో వదలకండి. చనిపోతే టాయిలెట్‌లో వేయకుండా మట్టిలో పాతిపెట్టండి.

ఈ నెల ఇంట్లో చేయాల్సిన పని

చేప కొనకుండానే ఈ నెల మొదలుపెట్టవచ్చు. ఒక పాత చార్టు మీద మీ బిడ్డకు నచ్చిన చేపను పూర్తి పొడవుతో, స్కేలు పెట్టి కొలిచి గీయించండి. దాన్ని కత్తిరించి, ట్యాంక్ పెట్టాలనుకున్న చోట నేల మీద సుద్దముక్కతో ట్యాంక్ కొలతలు గీసి, అందులో పెట్టండి. తోడు చేపల్ని కూడా గీసి పక్కన పెట్టండి. అన్నీ వెనక్కి తిరగడానికి చోటుందా? ఒకదాని నోట్లో ఇంకొకటి పడుతుందా? ఆ సుద్ద గీతల చుట్టూ నడవడానికి మీకు దారి మిగిలిందా?

ఈ మూడు ప్రశ్నలకూ జవాబు మీ బిడ్డ చేతే చెప్పించండి. సరిపోతే ట్యాంక్ కొనండి, ఫిల్టర్ నడిపించండి, ఆరు వారాలు ఆగండి. సరిపోకపోతే చిన్న చేపను ఎంచుకోమనండి. ఆ నిర్ణయం వాళ్లే తీసుకుంటే, చేపను చూసుకునే బాధ్యత కూడా వాళ్లదే అవుతుంది.